ఛార్జీలు పెంచలేదంటారు, మరి కరెంట్ బిల్లు ఎందుకు పెరిగింది?

మన రెండు రాష్ట్రాల్లో ఎవరు గద్దెనెక్కినా ఒక డైలాగ్ మాత్రం మారదు, "మేం కరెంట్ ఛార్జీలు ఒక్క పైసా కూడా పెంచలేదు" అని. దిగిపోయినోళ్ళు వెంటనే "బాదుడు" అని మొదలుపెడతారు. బిల్లు కట్టే మనం మధ్యలో ఎవరి మాట నమ్మాలో తెలీక బుర్ర గోక్కుంటాం. తమాషా ఏంటంటే చాలాసార్లు ఇద్దరూ నిజమే చెప్తుంటారు. టారిఫ్ (అంటే ఖరారు చేసిన రేట్ల పట్టిక) పెరగకుండా బిల్లు పెరగడానికి మన బిల్లులో కనీసం మూడు నాలుగు దార్లున్నాయి, వాటి గురించి ఎవరూ మనకి కూర్చోబెట్టి చెప్పరు.

యూనిట్ అంటే వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడిస్తే కాలే కరెంట్, అంతే. 2000 వాట్ల గీజర్ అరగంట వేస్తే ఒక యూనిట్, మామూలు సీలింగ్ ఫ్యాన్ పదమూడు పద్నాలుగు గంటలు తిరిగితే ఒక యూనిట్. ఇది అందరికీ తెలిసిందే, ఇక్కడ గొడవేం లేదు. గొడవంతా ఆ యూనిట్‌కి ఎంత అన్న దగ్గర మొదలవుతుంది, ఎందుకంటే దానికి ఒక రేటు లేదు, మీరు ఇంకెన్ని యూనిట్లు కాల్చారు అన్నదాన్ని బట్టి రేటు మారుతుంది.

ముందు తెలంగాణ తీసుకుందాం, ఎందుకంటే అక్కడే అసలు మెలిక ఉంది. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం ఇళ్ళని మూడు గుంపులు చేశారు. నెలకి 100 యూనిట్ల లోపు వాడితే మొదటి 50కి యూనిట్‌కి 1.95 రూపాయలు, తర్వాతి 50కి 3.10. వంద దాటి 200 లోపు ఉంటే మీరు ఆ గుంపులోంచి బయటికొచ్చేసినట్టే, ఇప్పుడు మొదటి యూనిట్ నుంచే 3.40 పడుతుంది, 101 నుంచి 4.80. ఇంక 200 దాటారా, ఆ 3.40 కూడా పోతుంది, మొదటి 200 యూనిట్లూ 5.10 లెక్కన కట్టాలి, ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9, 800 దాకా 9.50, అది కూడా దాటితే పది రూపాయలు. చాలామంది అనుకునేది ఏంటంటే 200 దాటిన ఆ ఒక్క యూనిట్‌కే ఎక్కువ రేటు పడుతుందని. కాదు. వెనక్కి వెళ్ళి మొదటి యూనిట్ నుంచి మళ్ళీ లెక్క కడతారు.

లెక్క వేసి చూడండి. 200 యూనిట్లకి 340 ప్లస్ 480, అంటే 820 రూపాయలు. 201 యూనిట్లకి 1020 ప్లస్ 7.70, అంటే 1027.70. ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు! అది మీరు నెలాఖరున ఇస్త్రీ పెట్టె ఇంకో గంట వాడిన పాపానికి. వంద దగ్గర కూడా ఇదే కథ, కాకపోతే కాస్త చిన్న గొయ్యి, 100 యూనిట్లకి 252.50 అయ్యేది 101కి 344.80 అవుతుంది.

దీని మీద గృహజ్యోతి వచ్చి కూర్చుంది. 2024 మార్చి నుంచి, అర్హత ఉన్న తెల్ల రేషన్ కార్డు ఇళ్ళకి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. పథకం మంచిదే, నాకు దాని మీద గొడవ లేదు, కింద స్థాయి ఇంటికి నెలకి ఐదారొందలు మిగలడం చిన్న విషయం కాదు. కానీ 200 అనే గీత ఇప్పుడు గొయ్యి కాదు, లోయ అయిపోయింది. 200 దగ్గర సున్నా, 201 దగ్గర 1027.70కి తోడు కస్టమర్ ఛార్జీ, ఫిక్స్‌డ్ ఛార్జీ, డ్యూటీ అన్నీ కలిపి పదకొండు వందల యాభై పైన. అందుకే ఎండాకాలంలో జీరో బిల్లు ఇళ్ళల్లో నెలాఖరు వచ్చేసరికి మీటర్ దగ్గరికెళ్ళి రీడింగ్ చూసుకోవడం ఒక అలవాటైపోయింది, కూలర్ ఆపేసి మేడ మీద పడుకోవడాలు కూడా. 201 వాడినోడు 200 వాడినోడికంటే అంత ధనవంతుడు ఎలా అయ్యాడో ఎవరైనా చెప్తే వినాలనుంది.

ఆంధ్రాలో కూడా ఇంతకుముందు ఏ, బీ, సీ అని గ్రూపులు ఉండేవి, 2022లో వాటిని తీసేసి అందరికీ ఒకటే మెట్ల వరస పెట్టారు. మొదటి 30 యూనిట్లకి 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఇక్కడ ఎంత పైకెళ్ళినా కింది మెట్ల రేటు మీకు మిగిలే ఉంటుంది. 200 యూనిట్లకి 867, 201కి 873. అంతే, ఆరు రూపాయల తేడా. నన్నడిగితే ఏపీ పద్ధతే న్యాయం, కానీ దీనికీ ఒక ధర ఉంది, చిన్న వాడకం వాళ్ళకి ఇక్కడ తెలంగాణ కంటే ఎక్కువ పడుతుంది, వంద యూనిట్ల ఇల్లు అక్కడ 252.50 కడితే ఇక్కడ 304.50. పైన చెప్పినవన్నీ ఎనర్జీ ఛార్జీలు, అంటే యూనిట్ల మీద పడే డబ్బు మాత్రమే, ఏపీ బిల్లులో అసలు మంట దాని కింద లైన్లలో ఉంది, దానికి తర్వాత వస్తా.

ఈ రేటు మారే మెట్లు, అంటే శ్లాబు గీతలు ఇంత పదునుగా ఉన్నప్పుడు రీడింగ్ ఎన్ని రోజులకి తీశారన్నది చాలా పెద్ద విషయం అవుతుంది. 2020 లాక్‌డౌన్‌లో ఇది అందరికీ అర్థమైంది. మీటర్ రీడర్లు ఇళ్ళకి రాలేకపోయారు, తెలంగాణలో ముందటేడు అదే నెల బిల్లు ఎంతో అంత కట్టమన్నారు, జూన్‌లో మూడు నెలల రీడింగ్ ఒకేసారి తీసి నెలకి సగటు కట్టి బిల్లు వేశారు. జనం గగ్గోలు పెట్టారు. సగటు తీయడం అన్యాయం ఎలా అవుతుంది అని డిస్కమ్ (మనకి కరెంట్ పంపిణీ చేసే కంపెనీ) వాళ్ళ వాదన, చాలా ఇళ్ళకి నిజంగానే నష్టం జరగలేదు కూడా. కానీ ఇప్పటి రేట్లతో ఒక ఇల్లు ఊహించుకోండి, మార్చిలో 180, ఏప్రిల్‌లో 190, మేలో 260 వాడింది అనుకుందాం. నెలనెలా రీడింగ్ తీస్తే మూడింటికీ కలిపి 2978 రూపాయలు. సగటు తీస్తే నెలకి 210, అంటే మూడు నెలలూ 200 దాటేసినట్టే, మొత్తం 3291. కాల్చిన కరెంట్ అదే, 313 రూపాయలు మాత్రం గాల్లోంచి పుట్టాయి. అందుకే బిల్లు చేతికి రాగానే మొత్తం కంటే ముందు చూడాల్సింది పాత రీడింగ్ తేదీ, కొత్త రీడింగ్ తేదీ, మధ్యలో ఎన్ని రోజులు అని.

ఇక చిల్లర లైన్లు. ఫిక్స్‌డ్ ఛార్జీ రెండు చోట్లా మామూలు ఇళ్ళకి కిలోవాట్‌కి నెలకి 10 రూపాయలు, అంటే మీ కనెక్షన్ లోడు 3 కిలోవాట్లయితే 30. మీరు ఊరెళ్ళి తాళం వేసినా ఇది పడుతుంది. కస్టమర్ ఛార్జీ రీడింగ్ తీసి బిల్లు ఇచ్చే ఖర్చు అని పేరు, కానీ తెలంగాణలో అది కూడా వాడకంతో పాటు 40 నుంచి 160 దాకా పెరుగుతుంది, ఎక్కువ యూనిట్లకి బిల్లు ప్రింట్ చేయడానికి ఎక్కువ కాగితం పడుతుందేమో మరి. ఎలక్ట్రిసిటీ డ్యూటీ అన్నది ప్రభుత్వం పన్ను, ఇళ్ళకి యూనిట్‌కి 6 పైసలు. ఏపీలో షాపులకి, ఫ్యాక్టరీలకి దీన్ని 2022లో రూపాయి చేశారు, అందుకే అదే వీధిలో ఉన్న టీ కొట్టు బిల్లు మన ఇంటి బిల్లులా ఉండదు.

ఫిక్స్‌డ్ ఛార్జీ ఇంత తక్కువ ఉండటం మనకి సంతోషమే, కానీ డిస్కమ్ వైపు నుంచి చూస్తే వాళ్ళ ఖర్చులో పెద్ద భాగం ఫిక్స్‌డే. వాళ్ళు పెట్టే ప్రతి రూపాయిలో ముప్పావలా దాకా కరెంట్ కొనడానికే పోతుంది, ఆ కొనుగోలులో మళ్ళీ రెండు ముక్కలు. థర్మల్ ప్లాంట్‌తో పాతికేళ్ళకి ఒప్పందం రాసుకుంటే దాని నుంచి కరెంట్ తీసుకున్నా తీసుకోకపోయినా కెపాసిటీ ఛార్జీ అని నెలనెలా కట్టాలి, తీసుకున్నదానికి బొగ్గు ఖర్చు వేరే. ఈ కట్టక తప్పని డబ్బుని ఫిక్స్‌డ్ ఛార్జీగా అడిగితే జనం ఊరుకోరు కాబట్టి యూనిట్ రేటులో కలిపేసి వసూలు చేస్తారు. 2024లో తెలంగాణ డిస్కమ్‌లు 300 యూనిట్లు దాటినోళ్ళకి కిలోవాట్‌కి 10 నుంచి 50 చేస్తాం అని అడిగితే రేట్లు ఖరారు చేసే రెగ్యులేటరీ కమిషన్ అడిగినట్టుగా ఒప్పుకోలేదు. ఆ డిమాండ్ మళ్ళీ వస్తుంది, రాసి పెట్టుకోండి, ముఖ్యంగా సోలార్ పెట్టుకున్న ఇళ్ళు పెరిగేకొద్దీ.

ఇప్పుడు ఏపీ మంట దగ్గరికి వద్దాం. డిస్కమ్ ఏటా నవంబర్ చివరికల్లా వచ్చే ఏడాది ఎంత కరెంట్ కొంటాం, ఎంతకి కొంటాం అని అంచనా వేసి కమిషన్‌కి ఇస్తుంది. కమిషన్ దాంట్లో కోతలు పెట్టి, ప్రభుత్వం సబ్సిడీ ఎంత ఇస్తుందో రాయించుకుని టారిఫ్ ఆర్డర్ ఇస్తుంది. ఆ ఏడాది బొగ్గు అంచనా కంటే ఖరీదైతే? ఎండలకి డిమాండ్ పెరిగి పవర్ ఎక్స్ఛేంజ్‌లో (అప్పటికప్పుడు కరెంట్ కొనే బజారు) కొనాల్సి వస్తే? 2022 మార్చిలో సరిగ్గా అదే జరిగింది, ఎక్స్ఛేంజ్‌లో యూనిట్ 20 రూపాయలు పలికింది, కేంద్ర కమిషన్ ఏప్రిల్‌లో 12కి మించొద్దని కళ్ళెం వేసింది, ఏడాది తర్వాత దాన్ని 10 చేసింది. ఆ ఏప్రిల్‌లోనే ఏపీలో పరిశ్రమలకి పవర్ హాలిడే ప్రకటించారు. బొగ్గు దొరక్క విదేశాల నుంచి తెచ్చి కలుపుకోండి అని కేంద్రం చెప్పింది, ఆ బొగ్గు రేటు మన బొగ్గుకి ఎన్నో రెట్లు.

మనకి మాత్రం ఆ నెలలో బిల్లు మామూలుగానే వచ్చింది. ఆ తేడా ఎక్కడికీ పోలేదు, కిరాణా కొట్టులో ఖాతా రాసినట్టు పుస్తకంలో రాసి పెట్టారు. ఏడాది అయిపోయాక డిస్కమ్ లెక్కలు తీసుకుని కమిషన్ దగ్గరికెళ్తుంది, కమిషన్ ఇంత ఒప్పుకుంటున్నా అంటుంది, అప్పుడు వాయిదాల్లో మన బిల్లు మీద పడుతుంది. దాన్నే ట్రూ అప్ అంటున్నారు, ఇంధనం, కొనుగోలు ఖర్చుకి సంబంధించిన ముక్కని ఎఫ్‌పీపీసీఏ అని బిల్లులో చూపిస్తారు. ఏపీలో 2022-23 సంవత్సరం బాకీ 6 వేల కోట్లకి పైగా అని తేలితే దాన్ని 2024 చివరి నుంచి వసూలు చేయడం మొదలుపెట్టారు, 2023-24 బాకీ 9,400 కోట్ల పైచిలుకు, అది రెండేళ్ళ పాటు. అంటే 2025లో విజయవాడలో కొత్తగా అద్దెకి దిగిన కుర్రాడు తను అప్పటికి ఆ ఇంట్లో లేని ఎండాకాలం కరెంట్‌కి కూడా డబ్బులు కడుతున్నాడు. కాల్చింది ఒక ప్రభుత్వంలో, బిల్లు వచ్చింది ఇంకో ప్రభుత్వంలో, ఇద్దరూ "మేం పెంచలేదు" అనడానికి ఇంతకంటే సౌకర్యం ఏముంటుంది?

ఇలా ఏళ్ళ తరబడి పేరుకోకుండా ఉండాలని కేంద్రం 2022 చివర్లో రూల్స్ మార్చి, ఖర్చు తేడాని నెలనెలా ఆటోమేటిక్‌గా బిల్లులో వేయమంది. ఏపీలో దానికి యూనిట్‌కి 40 పైసలు పరిమితి. ఇది తాత్కాలిక వసూలు, తర్వాత సరి చూస్తారు. ఆ సరి చూడటం ఎప్పుడూ మన మీదికే వస్తుందనుకుంటాం కదా, ఒకసారి ఉల్టా కూడా అయింది. 2024-25కి ఆ 40 పైసల లెక్కన వసూలు చేసింది ఎక్కువైందని కమిషన్ తేల్చి, దాదాపు 923 కోట్లు వెనక్కి ఇవ్వమంది, 2025 నవంబర్ నుంచి యూనిట్‌కి 13 పైసలు తగ్గింపు. దీని పేరు ట్రూ డౌన్. కాబట్టి ఏపీ బిల్లులో ఒకే నెలలో ఈ నెల సర్దుబాటు, రెండేళ్ళ కిందటి బాకీ, పోయినేడాది తగ్గింపు మూడూ పక్కపక్కన కనిపిస్తే కంగారు పడకండి, అవి మూడు వేరే వేరే ఏళ్ళవి.

తెలంగాణలో ఇవి బిల్లులో అంతగా కనిపించకపోవడానికి కారణం అక్కడ ఖర్చు తక్కువని కాదు. 2023 మార్చిలో 12 వేల కోట్లు పైనే ట్రూ అప్ తేలితే అప్పటి ప్రభుత్వం జనం మీద వేయొద్దు, ఐదేళ్ళలో మేమే కడతాం అంది. ప్రభుత్వం కడితే ఎవరి డబ్బులో మీకు చెప్పక్కర్లేదు, కట్టకపోతే డిస్కమ్ అప్పు చేస్తుంది, ఆ అప్పు మీద వడ్డీ మళ్ళీ ఖర్చుల్లోకి వస్తుంది.

వ్యవసాయం సంగతి చెప్పకుండా ఇది పూర్తవదు. 2004లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రమాణస్వీకారం రోజు సంతకం పెట్టిన ఫైలు ఉచిత విద్యుత్‌దే, 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో అది 24 గంటలైంది. పంపుసెట్లకి చాలా చోట్ల మీటర్లు లేవు, ఎంత కాలుతుందో ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర శాంపిల్ తీసి అంచనా వేస్తారు. రైతుకి ఫ్రీ ఇవ్వడం ఒక రాజకీయ నిర్ణయం, దాన్ని గౌరవిస్తాను. కానీ మీటర్ లేని చోట లెక్కలోకి రాని నష్టం ఏదైనా రైతు పేరు మీద రాసేయొచ్చు, దొంగ కనెక్షన్లు, లైన్ లాస్ అన్నీ. చట్టం ప్రకారం, 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్, ప్రభుత్వం ఎవరికైనా తక్కువకి ఇవ్వమంటే ఆ సబ్సిడీ డబ్బు ముందే డిస్కమ్‌కి కట్టాలి. ముందు కట్టడం మాట దేవుడెరుగు. మిగిలిన లోటు పరిశ్రమలు, షాపులు, 300 యూనిట్లు దాటిన ఇళ్ళు కడుతున్నాయి, దాన్నే క్రాస్ సబ్సిడీ అంటారు. డిస్కమ్‌కి సగటున ఒక యూనిట్ మన ఇంటి దాకా చేర్చడానికి ఏడు రూపాయల పైనే అవుతుంది, ఆ లెక్కన 1.90కి, 1.95కి వస్తున్న యూనిట్ వెనక ఎవడో ఒకడు తొమ్మిదో పదో కడుతున్నాడు.

ఈ కమిషన్లు, డిస్కమ్‌లు అన్నవి మొదట్నుంచీ లేవు. 1998 సంస్కరణల చట్టం తర్వాత 1999లో పాత విద్యుత్ బోర్డుని విడగొట్టారు, 2000లో కమిషన్ కొత్త టారిఫ్ ఇస్తే రాష్ట్రమంతా ఉద్యమం లేచింది, ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. అప్పటి నుంచి ఏ ముఖ్యమంత్రికైనా "టారిఫ్ పెంపు" అనే మాటంటే భయమే, అందుకే పెంపు ట్రూ అప్ లాంటి నోరు తిరగని పేర్లతో వస్తుందని నా అనుమానం.

అప్పుడప్పుడూ బిల్లులో ఏసీడీ అని వందో వెయ్యో కనిపిస్తుంది, అది ఛార్జీ కాదు, డిపాజిట్. మీ రెండు నెలల సగటు బిల్లుకి సమానంగా డిస్కమ్ దగ్గర డిపాజిట్ ఉండాలి, వాడకం పెరిగితే తేడా అడుగుతారు. దాని మీద ఆర్‌బీఐ బ్యాంక్ రేటు లెక్కన ఏటా వడ్డీ మీ బిల్లులోనే తగ్గించాలి, తగ్గించారో లేదో చూసుకునేవాళ్ళు మాత్రం తక్కువ. అద్దె ఇళ్ళల్లో ఈ ఏసీడీ ఎవరు కట్టాలని గొడవలు అవుతాయి, డిపాజిట్ కనెక్షన్ పేరు మీద ఉంటుంది కాబట్టి న్యాయంగా ఓనరే కట్టాలి. సబ్‌మీటర్ పెట్టి యూనిట్‌కి ఎనిమిది, పది అని వసూలు చేసే ఓనర్లని తిట్టుకునే ముందు ఒక్కసారి వాళ్ళ బిల్లు అడిగి చూడండి, నాలుగు పోర్షన్లకి ఒకటే మీటర్ ఉంటే మొత్తం 400 దాటిపోయి చివరి యూనిట్లు నిజంగానే తొమ్మిది పైన పడుతుంటాయి. పోర్షన్‌కో మీటర్ పెట్టిస్తే అందరికీ తగ్గుతుంది, ఓనర్ ఒప్పుకుంటే.

సోలార్ లాభం కూడా ఈ శ్లాబుల వల్లే. ఒక కిలోవాట్ ప్యానెల్ రోజుకి సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది, నెలకి 120. హైదరాబాద్‌లో 260 యూనిట్లు వాడే ఇంటికి 1482 అయ్యేది, 120 తీసేస్తే 140 మిగిలి 532 అవుతుంది, అంటే ప్యానెల్ ఇచ్చిన ఒక్కో యూనిట్ ఎనిమిది రూపాయల దాకా మిగిల్చింది. అదే 90 యూనిట్లు వాడే ఇంట్లో పెడితే ఆ యూనిట్ విలువ మూడు రూపాయలు కూడా రాదు, జీరో బిల్లు ఇంట్లో అయితే సున్నా. కేంద్రం పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కి 30 వేలు, 3 కిలోవాట్లు ఆపైన అయితే మొత్తం 78 వేలు సబ్సిడీ వస్తుంది, కానీ ఏజెంట్ మాటలు వినే ముందు మీ ఏడాది బిల్లులు బయటికి తీసి పై శ్లాబులో ఎన్ని యూనిట్లు ఉన్నాయో చూసుకోండి.

రీడింగే తప్పనిపిస్తే 1912కి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకోండి, నంబర్ లేని ఫిర్యాదు చేసినట్టే కాదు. మీటర్ మీదే అనుమానమైతే టెస్టింగ్‌కి ఫీజు కట్టి రాసివ్వొచ్చు. సెక్షన్ ఆఫీసులో తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్, లాయర్ అక్కర్లేదు. రేట్ల గురించే కోపం ఉంటే మాత్రం లైన్‌మన్ మీద అరిచి లాభం లేదు, డిస్కమ్‌లు అంచనాలు ఇచ్చాక కమిషన్ అభ్యంతరాలు పిలుస్తుంది, బహిరంగ విచారణ పెడుతుంది, ఎవరైనా రాసి పంపొచ్చు, వెళ్ళి మాట్లాడొచ్చు. అక్కడ ఏటా కనిపించేది పరిశ్రమల సంఘాలు, రైతు నాయకులు, కొద్దిమంది పాత కాపులు. తెలంగాణలో 200 దాటితే మొదటి యూనిట్ నుంచి ఎందుకు మారుస్తున్నారు అని ఇళ్ళ తరఫున అడగాల్సింది ఆ హాల్లోనే.